ఈసీజీలో ఎస్టీ లేచిందంటే గుండెపోటేనా? దేన్ని దేనితో పోల్చి చూడాలి

ప్రశ్న: క్యాజువాలిటీలో నైట్ డ్యూటీలు చేస్తున్న జూనియర్ డాక్టర్‌ని. ఈసీజీ ప్యాటర్న్‌లన్నీ చదువుకున్నాను గానీ, కాగితం చేతికి రాగానే అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. మొన్న ఒక కుర్రాడి ఈసీజీ మీద మెషీన్ ‘అక్యూట్ ఇన్‌ఫార్క్షన్’ (అప్పుడే వచ్చిన గుండెపోటు) అని రాసింది. తీరా చూస్తే ఏమీ లేదు. అదే వారంలో గుండెల్లో మంట అంటూ వచ్చిన ఒకాయనకు ‘నార్మల్’ అని రాసింది. ఆయనకేమో గుండెపోటు. అసలు దేన్ని తేడాగా లెక్కేయాలి? మీరైతే ఏ వరుసలో చూస్తారు?

జవాబు:

మీరు ప్యాటర్న్‌లను బొమ్మలుగా గుర్తుపెట్టుకున్నారనిపిస్తోంది. చాలామంది అలాగే మొదలుపెడతారు, పాఠాలు చెప్పే తీరు కూడా అలాగే ఉంటుంది. కానీ ఎస్టీ (క్యూఆర్‌ఎస్ అనే పెద్ద మొనకూ, దాని తర్వాత వచ్చే టీ అనే అలకూ మధ్య ఉన్న గీత) రెండు మిల్లీమీటర్లు లేచిందన్న మాటకు విడిగా అర్థం లేదు. ఎంత పెద్ద క్యూఆర్‌ఎస్ పక్కన లేచింది, పాత ఈసీజీలో ఎలా ఉంది, పావుగంట తర్వాత ఎలా మారింది అన్నవి తెలిస్తేనే దానికి అర్థం వస్తుంది. ఆ కుర్రాడి విషయంలోనూ, ఆ మంట ఉన్నాయన విషయంలోనూ మెషీన్ తప్పింది ఇక్కడే. అది ఎత్తును కొలిచింది, పోలిక చూడలేదు.

అందుకే నేను చెప్పే మొదటి అలవాటు: మెషీన్ రాసిన పై భాగాన్ని మడిచేసి, మీ అంతట మీరు చదవండి. చదివాక విప్పి చూడండి. రేటు, పీఆర్ (పై గదుల అల అయిన పీ మొదలైన చోటు నుంచి క్యూఆర్‌ఎస్ దాకా), క్యూఆర్‌ఎస్ వెడల్పు లాంటి కొలతల్లో మెషీన్ చాలావరకు సరిగ్గానే ఉంటుంది. దాని కింద రాసే తీర్పును మాత్రం ఒక సలహాగానే తీసుకోండి.

గీతల్లోకి వెళ్లే ముందు కాగితం సరైనదేనా అన్నది చూడాలి. వేగం సెకనుకు 25 మిల్లీమీటర్లు, ఎత్తు ఒక మిల్లీవోల్టుకు 10 మిల్లీమీటర్లు ఉండాలి. అప్పుడే చిన్న గడి 0.04 సెకను, పెద్ద గడి 0.2 సెకను అవుతుంది. పెద్ద కాంప్లెక్సులు పట్టక ఎవరైనా ఎత్తును సగానికి తగ్గించి తీసి ఉంటే మీ లెక్కలన్నీ తప్పుతాయి. తర్వాత ఏవీఆర్ అనే లీడ్ చూడండి (లీడ్ అంటే గుండెను ఒక కోణం నుంచి చూసే గీత). అందులో పీ, క్యూఆర్‌ఎస్, టీ మూడూ కిందికి ఉండాలి. అవి పైకి ఉండి, ఒకటో లీడ్ మొత్తం తలకిందులైతే రెండు చేతుల వైర్లు మారాయేమో అనుకోండి. గుండె కుడివైపు ఉన్నవాళ్లలోనూ ఇలాగే కనిపిస్తుంది గానీ, వాళ్లలో ఛాతీ లీడ్లయిన వీ1 నుంచి వీ6 వైపు వెళ్లేకొద్దీ ఆర్ (క్యూఆర్‌ఎస్‌లో పైకి లేచే భాగం) పెరగాల్సింది పోయి తగ్గుతూ వస్తుంది. వైర్లు మారినప్పుడు ఛాతీ లీడ్లు మామూలుగానే ఉంటాయి.

ఎలక్ట్రోడ్లు పెట్టే చోటు గురించి ఇంకొక్క మాట. వీ1, వీ2 నాలుగో పక్కటెముకల సందులో, రొమ్ము ఎముకకు అటూ ఇటూ ఉండాలి. తొందరలో వాటిని రెండో సందులోనో మూడో సందులోనో అంటించేస్తుంటారు. అప్పుడు వీ1, వీ2లో చిన్న ఆర్ మాయమవుతుంది, లేదా రెండు ఆర్‌లు కనిపిస్తాయి, టీ తిరగబడుతుంది. మెషీన్ వెంటనే ‘పాత గుండెపోటు ఉండవచ్చు’ అని రాసేస్తుంది. వీ2లో కూడా పీ వేవ్ పూర్తిగా కిందికి ఉంటే ఎలక్ట్రోడ్లు పైన పెట్టారేమోనని అనుమానించి, మీరే వేలితో పక్కటెముకలు లెక్కపెట్టి మళ్లీ తీయించండి. రొమ్ము ఎముక పైభాగంలో చేతికి తగిలే గట్టు దగ్గర రెండో పక్కటెముక అతుకుతుంది, అక్కడి నుంచి లెక్క మొదలుపెట్టాలి.

ఇక అసలు విషయం, ఎస్టీ.

గైడ్‌లైన్ అంకెలు మీకు తెలిసే ఉంటాయి. పక్కపక్కన ఉన్న రెండు లీడ్లలో జే పాయింట్ (క్యూఆర్‌ఎస్ ముగిసి ఎస్టీ మొదలయ్యే చోటు) దగ్గర ఒక మిల్లీమీటరు. వీ2, వీ3లో మాత్రం నలభై దాటిన మగవాళ్లకు 2, నలభై లోపు మగవాళ్లకు 2.5, ఆడవాళ్లకు 1.5 మిల్లీమీటర్లు. ఈ అంకెలు అవసరమే, రికార్డులో రాయడానికీ, నిర్ణయం తీసుకోవడానికీ. కానీ వీటిని అందుకోని ఈసీజీలోనూ రక్తనాళం పూర్తిగా మూసుకుపోయి ఉండవచ్చు. వీటిని దాటిన ఈసీజీ ఆరోగ్యవంతుడిది కావచ్చు. కాబట్టి అంకె దగ్గర ఆగిపోకూడదు.

ఒక ఈసీజీ దగ్గరగా చూద్దాం. యాభై దాటిన ఒకాయన, పై పొట్టలో మంట, ఒళ్లంతా చెమట. మూడో లీడ్‌లో క్యూఆర్‌ఎస్ మొత్తం కలిపి నాలుగైదు మిల్లీమీటర్లే. ఎస్టీ లేచింది అర మిల్లీమీటరు. కానీ టీ వేవ్ దాదాపు క్యూఆర్‌ఎస్ అంత ఎత్తు, అడుగు భాగం వెడల్పుగా, ఉబ్బినట్టు ఉంది. ఎడమ చేయి వైపు నుంచి చూసే లీడ్ ఏవీఎల్‌కి వెళ్తే అక్కడ క్యూఆర్‌ఎస్ పైకే ఉన్నా, ఎస్టీ కొంచెం కిందికి జారి టీ తిరగబడింది. మెషీన్ రాసింది ‘నార్మల్’ అని. ఎలక్ట్రోడ్లు అలాగే ఉంచి పావుగంటకు మళ్లీ తీస్తే రెండో లీడ్, మూడో లీడ్, ఏవీఎఫ్‌లో ఎస్టీ రెండు మిల్లీమీటర్లు లేచింది. కుడి కరోనరీ (గుండెకు రక్తం అందించే కుడి నాళం) మూసుకుపోయింది. మొదటి కాగితంలోనే విషయమంతా ఉంది. అర మిల్లీమీటరు అని కొట్టిపారేయకుండా, ‘ఇంత చిన్న క్యూఆర్‌ఎస్‌కు ఇంత పెద్ద టీ ఎందుకుంది?’ అని అడిగితే అది దొరుకుతుంది.

ఏవీఎల్‌ని ప్రత్యేకంగా చూడటం అలవాటు చేసుకోండి. కింది గోడ గుండెపోటులో అన్నిటికంటే ముందు మారే లీడ్లలో అదొకటి. ఒకే జాగ్రత్త: ఏవీఎల్‌లో క్యూఆర్‌ఎస్ కిందికే ఉంటే టీ కిందికి ఉండటం మామూలే. క్యూఆర్‌ఎస్ పైకి ఉండి టీ కిందికి ఉంటేనే అనుమానించాలి. కింది గోడ అని తేలాక వీ4 ఎలక్ట్రోడ్‌ను కుడివైపు అదే చోటికి మార్చి ఒకసారి తీయండి. అక్కడ ఎస్టీ లేస్తే కుడి జఠరికకు కూడా దెబ్బ తగిలిందని అర్థం. అలాంటి పేషెంటుకు నైట్రేట్ (రక్తనాళాలను వెడల్పు చేసే మందు) ఇస్తే బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు.

వెనక గోడ ఇంకా మోసం చేస్తుంది, ఎందుకంటే మామూలు పన్నెండు లీడ్లలో ఏదీ అక్కడికి చూడదు. మనకు కనిపించేది దాని ప్రతిబింబం మాత్రమే: వీ1 నుంచి వీ4 వరకు ఎస్టీ అడ్డంగా కిందికి, ఆర్ పొడుగ్గా, టీ పైకి. ఎస్టీ డిప్రెషన్ (ఎస్టీ కిందికి దిగడం) వీ5, వీ6లో కాకుండా వీ2, వీ3లోనే ఎక్కువగా ఉంటే ‘ఇస్కీమియా (రక్తం చాలకపోవడం), వార్డులో పెట్టి చూద్దాం’ అనుకోకండి. వీ6కి సమానమైన ఎత్తులో వీపు వైపు వీ7, వీ8, వీ9 పెట్టి తీయండి. అక్కడ అర మిల్లీమీటరు లేచినా చాలు.

ఇలాంటివే మరో రెండు. వీ2, వీ3, వీ4లో జే పాయింట్ కిందికి దిగి, అక్కడి నుంచి ఎస్టీ ఏటవాలుగా పైకెక్కి ఎత్తయిన టీలో కలిసిపోతే అది డి వింటర్ ప్యాటర్న్. 2008లో దీన్ని వర్ణించారు. ఎస్టీ లేవకపోయినా ముందరి పెద్ద నాళం మూసుకుపోయినట్టే భావించి కదలాలి. రెండోది వెల్లెన్స్, 1982 నుంచి తెలిసినది. నొప్పి వచ్చి తగ్గిపోయాక, పేషెంటు హాయిగా కూర్చుని మాట్లాడుతుండగా వీ2, వీ3లో టీ సగం పైకి సగం కిందికి, లేదా లోతుగా కిందికి ఉంటుంది. నొప్పి లేదు కదా అని ఆయన్ని ఇంటికి పంపకూడదు, ట్రెడ్‌మిల్ మీద అసలే ఎక్కించకూడదు. అదే నాళం దాదాపు మూసుకుపోయి, ప్రస్తుతానికి కొంచెం తెరుచుకుని ఉందని ఆ టీ చెబుతోంది. మళ్లీ నొప్పి మొదలై, తిరగబడ్డ టీ పైకి లేచి నార్మల్‌లా కనిపిస్తే సంతోషించకండి. నాళం మళ్లీ మూసుకుంటోందని అర్థం.

ఇప్పుడు మీ కుర్రాడి సంగతి. వయసులో ఉన్న మగపిల్లల్లో వీ2 నుంచి వీ5 దాకా ఎస్టీ కొద్దిగా లేచి ఉండటం చాలా మామూలు. ఆర్ పొడుగ్గా ఉంటుంది, ఎస్టీ కిందికి గుంటలా వంగి ఉంటుంది, వీ4 దగ్గర జే పాయింట్‌లో గాలం కొక్కెం లాంటి చిన్న మెలిక కనిపిస్తుంది. దీన్నే ఎర్లీ రీపోలరైజేషన్ అంటాం. కానీ ఆ పేరు పెట్టే ముందు నాలుగు విషయాలు లేవని చూసుకోండి: ఎక్కడైనా ఎస్టీ డిప్రెషన్, కొత్త క్యూ వేవ్ (క్యూఆర్‌ఎస్ మొదట్లో కిందికి దిగే భాగం), వీ2 నుంచి వీ4 మధ్య ఆర్ చిన్నబోవడం, ఎస్టీ గుంటలా కాక కుంభాకారంగా ఉబ్బడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ పేరు పెట్టే హక్కు మనకు లేదు. పెరికార్డైటిస్ (గుండె పైపొర వాపు) విషయంలోనూ ఇంతే పట్టుదలగా ఉండాలి. ఎస్టీ దాదాపు అన్ని లీడ్లలో లేస్తుంది, పీఆర్ కిందికి దిగుతుంది, ఏవీఆర్‌లో ఇదంతా తిరగబడి ఉంటుంది. అయితే ఏవీఆర్, వీ1 తప్ప వేరే ఎక్కడ ఎస్టీ కిందికి దిగినా, లేదా మూడో లీడ్‌లో రెండో లీడ్ కంటే ఎక్కువ లేచినా, గుండెపోటు కాదని తేలేదాకా గుండెపోటనే అనుకోండి. పెరికార్డైటిస్ అని తొందరపడితే పోయేది పేషెంటు.

పోలిక అన్నది అన్నిటికంటే బాగా పనికొచ్చేది పెద్ద క్యూఆర్‌ఎస్‌ల దగ్గర. ఎడమ బండిల్ బ్రాంచ్ బ్లాక్ (ఎడమ జఠరికకు విద్యుత్తు తీసుకెళ్లే దారి మూసుకుపోవడం), పేస్‌మేకర్, బీపీ వల్ల మందమైన ఎడమ జఠరిక, వీటన్నిట్లో ఎస్టీ ఎటూ మారే ఉంటుంది. క్యూఆర్‌ఎస్ కిందికి ఉన్న చోట ఎస్టీ పైకి, పైకి ఉన్న చోట కిందికి ఉండటం అక్కడ నియమం. నియమం తప్పిన చోటే తేడా. ఎడమ బ్లాక్‌లో క్యూఆర్‌ఎస్ పైకి ఉన్న లీడ్‌లో ఎస్టీ కూడా ఒక మిల్లీమీటరు పైకి ఉందా? వీ1 నుంచి వీ3లో క్యూఆర్‌ఎస్‌తో పాటే ఎస్టీ కూడా ఒక మిల్లీమీటరు కిందికి ఉందా? రెండూ చెడ్డవే. 1996లో స్గార్బోసా చెప్పిన సూత్రాల్లో ముఖ్యమైనవి ఇవి. ఆ సూత్రాల్లో మూడోది, క్యూఆర్‌ఎస్‌కు ఎదురుగా ఎస్టీ 5 మిల్లీమీటర్లు లేవడం. దాన్ని తర్వాత నిష్పత్తిగా మార్చారు: లేచిన ఎస్టీ ఎదుటి ఎస్ (క్యూఆర్‌ఎస్‌లో ఆర్ తర్వాత కిందికి దిగే భాగం) లోతులో నాలుగో వంతు దాటితే అనుమానించాలి. ఎస్ 30 మిల్లీమీటర్లు ఉన్నచోట ఎస్టీ 5 లేస్తే భయం లేదు. ఎస్ 10 ఉన్నచోట 4 లేస్తే ఫోన్ తీయాలి. చూశారా, లేచింది తక్కువే, ప్రమాదం ఎక్కువ.

ఏవీఆర్‌లో ఎస్టీ లేచి, మిగతా చాలా లీడ్లలో కిందికి దిగి ఉంటే గుండె మొత్తానికి రక్తం చాలడం లేదని అర్థం. ఎడమ ప్రధాన నాళంలోనో మూడు నాళాల్లోనో జబ్బు ఉండవచ్చు. కానీ పేషెంటు కళ్లు, గోళ్లు పాలిపోయి ఉన్నాయేమో చూడండి, మలం నల్లగా వస్తోందా అని అడగండి. కడుపులో రక్తస్రావమై హిమోగ్లోబిన్ పడిపోయినా ఇదే ఈసీజీ వస్తుంది. అలాంటి మనిషికి రక్తం పల్చబడే మందులు వేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

గుండెపోటు హడావిడిలో మరిచిపోయేది పొటాషియం. డయాలసిస్ పేషెంటు, మూత్రం రాని పేషెంటు, స్పైరోనోలాక్టోన్ లాంటి మందులు వాడుతున్న పేషెంటు నీరసంగా వచ్చారు, ఈసీజీ వింతగా ఉంది అంటే మొదట అదే తలచుకోండి. టీ మొనదేలి, అడుగు ఇరుకుగా ఉంటుంది (గుండెపోటు తొలి టీ వెడల్పుగా ఉబ్బి ఉంటుందని పైన చెప్పాను, ఆ రెంటికీ తేడా అక్కడే). తర్వాత పీ చదునవుతుంది, పీఆర్ సాగుతుంది, క్యూఆర్‌ఎస్ వెడల్పవుతుంది, చివరికి అంతా కలిసి ఒక అలలా మారుతుంది. ఈ వరుస తప్పనిసరి కాదు. మొనదేలిన టీ లేకుండానే నేరుగా నెమ్మదైన, వెడల్పయిన రిథమ్‌తో రావచ్చు. రేటు నెమ్మదిగా ఉండి క్యూఆర్‌ఎస్ బాగా వెడల్పుగా ఉంటే ల్యాబ్ రిపోర్టు కోసం కూర్చోకండి. కాల్షియం గ్లూకోనేట్ ఇచ్చేయండి. కొద్ది నిమిషాల్లో క్యూఆర్‌ఎస్ సన్నబడితే మీకు జవాబు దొరికినట్టే.

రిథమ్ గురించి మీరు అడగలేదు గానీ, రాత్రిపూట ఎదురయ్యేవి కొన్ని చెప్తాను. వేగంగా, క్రమంగా, వెడల్పు క్యూఆర్‌ఎస్‌తో ఉన్నది వీటీ (జఠరికల్లో పుట్టే ప్రమాదకరమైన వేగపు లయ) అని మొదలుపెట్టండి. ముఖ్యంగా పాత గుండెపోటు ఉన్న మనిషైతే. బీపీ బాగానే ఉంది, మాట్లాడుతున్నారు కాబట్టి వీటీ కాదనుకోవడం తప్పు. వేగంగా, వెడల్పుగా ఉండి క్రమం లేకపోతే, క్యూఆర్‌ఎస్‌లు ఒక్కోటి ఒక్కో వెడల్పులో ఉంటే, డబ్ల్యూపీడబ్ల్యూ (గుండెలో అదనపు విద్యుత్ దారి) ఉన్నవాళ్లలో వచ్చిన ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (పై గదులు క్రమం తప్పి వణకడం) కావచ్చు. అక్కడ వెరాపమిల్, డిగాక్సిన్ లాంటి రేటు తగ్గించే మందులు ఇస్తే జఠరికలు ఫిబ్రిలేషన్‌లోకి పోవచ్చు. సరిగ్గా 150 దగ్గర కదలకుండా నిలిచిపోయిన రేటు కనిపిస్తే ఏట్రియల్ ఫ్లటర్ (పై గదులు క్రమంగా, అతివేగంగా కొట్టుకోవడం) కోసం వెతకండి. ఎప్పటినుంచో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న మనిషికి నాడి ఉన్నట్టుండి నెమ్మదిగా, క్రమంగా మారితే బాగుపడిందనుకోవద్దు. పీ వేవ్‌లు తిరిగి రాకుండా క్రమం వచ్చిందంటే కంప్లీట్ బ్లాక్ (పై గదుల సంకేతాలు జఠరికలకు అసలు అందకపోవడం) అయి ఉండవచ్చు, డిగాక్సిన్ ఎక్కువై ఉండవచ్చు.

క్యూటీ (క్యూఆర్‌ఎస్ మొదలు నుంచి టీ చివర దాకా) మాత్రం మీరే కొలవండి. రెండో లీడ్‌లోనో వీ5లోనో చూడండి. రేటు మామూలుగా ఉన్నప్పుడు టీ చివర రెండు ఆర్‌ల మధ్య దూరంలో సగం దాటిందంటే సరిగ్గా లెక్క కట్టాల్సిందే. రేటుకు తగ్గట్టు సరిచేసిన క్యూటీ 500 మిల్లీసెకన్లు దాటితే టోర్సాడ్ (ప్రాణం తీయగల వేగపు లయ) వచ్చే ప్రమాదం బాగా ఎక్కువ. ఏ మందులు వాడుతున్నారు, పొటాషియం, మెగ్నీషియం ఎంత అన్నది అప్పటికప్పుడే చూడాలి. స్పృహ తప్పి పడిపోయి వచ్చిన కుర్రవాళ్లలో మూడు వెతకండి: పొడవైన క్యూటీ, పీఆర్ తగ్గి క్యూఆర్‌ఎస్ మొదట్లో ఏటవాలుగా ఎక్కే డెల్టా వేవ్, వీ1, వీ2లో రెండు మిల్లీమీటర్లకు పైగా లేచి వాలుతూ తిరగబడ్డ టీలో కలిసే బ్రుగాడా ఎస్టీ. చివరిది జ్వరంలో బయటపడి, తగ్గాక మాయం కావచ్చు. అందుకే జ్వరంలో తీసిన ఈసీజీని పారేయకండి.

ఆరోగ్య పరీక్షల్లో మెషీన్ రాసే మాటలకు బెంబేలెత్తి మీ దగ్గరికి వచ్చేవాళ్లూ ఉంటారు. ‘సైనస్ అరిథ్మియా’ అంటే ఊపిరితో పాటు రేటు మారడం, యువకుల్లో అది ఆరోగ్యమే. ‘ఇన్‌కంప్లీట్ ఆర్‌బీబీబీ’ (కుడి జఠరికకు వెళ్లే విద్యుత్ దారి కొంచెం నెమ్మదించడం) ఏ ఇబ్బందీ లేనివాళ్లలో సాధారణంగా కంగారు పడాల్సింది కాదు. సన్నటి కుర్రాళ్లలో గీతల ఎత్తు మాత్రమే చూసి ‘ఎల్‌వీహెచ్’ (ఎడమ జఠరిక మందమవడం) అనడానికి లేదు. ‘నాన్ స్పెసిఫిక్ ఎస్టీ టీ’ దగ్గర మాత్రం ఆ మనిషిని అడిగి, పాత ఈసీజీ తెప్పించి చూడాలి. అయిదేళ్ల కిందటి దాంట్లోనూ అలాగే ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు, నిరుడు లేనిది ఇప్పుడు వచ్చిందంటే కారణం వెతకాలి.

ఇక మీరు అడిగిన వరుస. ఛాతీ నొప్పితో వచ్చిన మనిషికి పది నిమిషాల్లోపు ఈసీజీ తీసి మీరు చూడాలి. స్కేలు, ఏవీఆర్, రేటు, రిథమ్, క్యూఆర్‌ఎస్ వెడల్పు, ఇవన్నీ అర నిమిషం పని. తర్వాత ఒక్కో లీడ్‌లో ఎస్టీని, టీని దాని క్యూఆర్‌ఎస్‌తో పోల్చండి, ఏవీఎల్, వీ2 దగ్గర రెండు క్షణాలు ఎక్కువ ఆగండి. ఫోన్‌లో పాత ఈసీజీ ఫొటో ఏమైనా ఉందా అని ఇంట్లోవాళ్లను అడగండి, చాలామంది దగ్గర ఉంటుంది. నొప్పి తగ్గకుండా ఉంటే, మొదటిది నార్మల్‌గా ఉన్నా పావుగంటకోసారి మళ్లీ తీయండి, ఎలక్ట్రోడ్లు కదపకుండా. ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే పదార్థం) మొదటి గంటల్లో నార్మల్‌గా రావచ్చు కాబట్టి, ఒక్కసారి చేసి ఊరుకోవద్దు.

అర్ధరాత్రి కార్డియాలజిస్ట్‌కు ఫోన్ చేసేటప్పుడు ‘ఎస్టీ కొంచెం లేచినట్టుంది సార్’ అనకండి. ‘యాభై రెండేళ్ల మనిషి, నలభై నిమిషాలుగా నొప్పి, చెమట. మూడో లీడ్‌లో అర మిల్లీమీటరు ఉంది గానీ టీ క్యూఆర్‌ఎస్ అంత ఉంది, ఏవీఎల్‌లో టీ తిరగబడింది, పాతదాంట్లో ఇలా లేదు, రెండు ఈసీజీలూ ఫొటో పంపించాను’ అని చెప్పండి. అవతలివాళ్లు క్యాథ్ ల్యాబ్ (మూసుకున్న నాళాన్ని తెరిచే గది) తెరిపించాలా వద్దా అని తేల్చుకోవడానికి కావలసిందంతా అందులో ఉంటుంది.